దిగుట యను విద్య
(తెలుగు సాంస్కృతిక సంఘ వార్షిక సభలో జరిగిన ప్రసంగ పాఠము)



తిరుమల కొండకు అలిపిరి దారిన కాలినడకను పోయివచ్చినవారు ఈ సభలో చాలమంది యుందురు. మూడువేల అయిదువందలకు పైబడిన ఆ మెట్లు ఎక్కునప్పుడు ఆయాసము కలుగును, చెమట పట్టును, మోకాళ్ళ మిట్ట దగ్గర అడుగు ముందుకు పడదు. అయినను గోవింద నామముతో పైకి చేరుదురు. అవే మెట్ల మీదుగా దిగివచ్చినవారు మరియొక సంగతి ఎరుగుదురు. దిగునప్పుడు అంత ఆయాసము లేదు, అంత చెమటయు లేదు. కాని క్రిందికి వచ్చి నిలబడగానే తొడలు వణకును, పిక్కలు మాట వినవు. మరునాడు కుర్చీలోనుండి లేచుటకు గోడ పట్టుకొనవలసి వచ్చును. ఎక్కుటలోని శ్రమ ఊపిరికి తెలియును. దిగుటలోని శ్రమ కాళ్ళకు తెలియును. ఈ అనుభవమును నలుబది రెండు కిలోమీటర్ల పొడవునకు సాగదీసి, ప్రపంచమున కెల్ల ఎత్తైన పర్వతము పాదమున నిలిపినచో అదియే ఎవరెస్టు మారథాను. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

మారథాను అనగా 42.195 కిలోమీటర్ల పరుగు. దానిని సాధారణముగా నగర వీథులలో నడుపుదురు. ఈ మారథాను మాత్రము నేపాలు దేశమున ఖుంబు ప్రాంతములో, ఎవరెస్టు బేస్ క్యాంపు వద్ద, సముద్రమట్టమునకు 5364 మీటర్ల ఎత్తున మొదలగును. షెర్పాల ముఖ్య గ్రామమైన నామ్చే బజారులో, సుమారు 3440 మీటర్ల ఎత్తున ముగియును. మొదటికిని తుదకును నడుమ తేడా 1924 మీటర్లు. 1953వ సంవత్సరము మే 29వ తేదీన టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టు శిఖరమును తొలిసారిగా అధిరోహించిరి. ఆ ఘటనకు ఏబది ఏండ్లు నిండిన 2003వ సంవత్సరమున వారి పేర్లతో ఈ పందెము ప్రారంభింపబడినది. మే 29వ తేదీయే దీనికి పర్వదినము. దీనికి పూర్వమే, 1987లో, బేస్ క్యాంపునకు కొంత దిగువనున్న గోరక్‌షెప్ నుండి నామ్చేకు వేరొక మారథాను జరిగి యున్నది.

అయితే ఈ దారిన పరుగెత్తుట పందెములతో పుట్టినది కాదు. 1953లో శిఖరము జయింపబడిన మరునాడు, మే 30న, హిల్లరీ, టెన్సింగులు నాలుగవ శిబిరమునకు దిగివచ్చిరి. లండను టైమ్స్ పత్రిక విలేఖరి జేమ్స్ మోరిస్ అక్కడనే యుండెను. ఆయన పర్వతారోహకుడు కాడు. అయినను వార్త చేతపట్టుకొని, మైకేల్ వెస్ట్‌మకాట్ అను ఆరోహకుని తోడుగా, ఆ సాయంకాలమే మంచు బీటలు వారిన ఖుంబు హిమపాతము మీదుగా బేస్ క్యాంపునకు దిగెను. అలసిన చేతులతో రహస్య సంకేతములలో ఒక సందేశము సిద్ధపరచెను. పైకి చూచిన వారికి అది మంచు పరిస్థితి బాగుగా లేదను మామూలు మాట. తెలిసిన వారికి శిఖరము చేజిక్కినదను శుభవార్త. మరునాడు ఒక రన్నరు ఆ కాగితము తీసికొని నామ్చే బజారునకు పరుగు తీసెను. ఆ రోజులలో నామ్చేలో భారతీయ సిబ్బంది నడుపుచుండిన వైర్‌లెస్ కేంద్రము ఒకటి ఉండెను. అక్కడనుండి వార్త కాఠ్మాండుకును, అక్కడనుండి లండనుకును చేరినది. జూన్ 2వ తేదీన, ఎలిజబెత్ రాణి పట్టాభిషేక దినమున, లోకమంతయు దానిని చదివినది. శిఖరమును ఎక్కినది ఇద్దరు; ఆ వార్తను క్రిందికి తెచ్చినవి వేరు కాళ్ళు, దానిని అందుకొని పంపినది ప్రభుత్వోద్యోగుల చేయి. తపాలా, తంతి శాఖలతో పరిచయము గల కుటుంబములకు ఈ సంగతి సంతోషము కలిగింపక మానదు.

ఇక దారి సంగతి. ప్రారంభ రేఖ నేల మీద లేదు. ఖుంబు హిమానీనదము మీద, రాళ్ళు కప్పిన మంచు మీద నున్నది. అక్కడ వేగముగా అడుగు వేయుటకు వీలు లేదు. రాతి మీదనుండి రాతి మీదికి చూచి చూచి కాలు మోపవలెను. గోరక్‌షెప్, లొబూచే దాటిన పిమ్మట థుక్లా కనుమ వచ్చును. అక్కడ ఎవరెస్టు మీద ప్రాణములు విడిచిన ఆరోహకుల స్మృతిచిహ్నములుగా రాతి గుట్టలు వరుసగా నిలిచి యున్నవి. తరువాత దింగ్‌బోచే, పాంగ్‌బోచే. అమా దబ్లం శిఖరము ఒకవైపున తెల్లగా వెలుగుచు చాల దూరము తోడు వచ్చును. 3867 మీటర్ల ఎత్తున తెంగ్‌బోచే బౌద్ధ విహారము. ఈ విహారము 1934 భూకంపమున కూలి, 1989లో అగ్నిప్రమాదమున కాలి, రెండు సార్లును తిరిగి లేచినది. అక్కడనుండి దారి రోడోడెండ్రాన్ వృక్షముల నడుమ సుమారు 600 మీటర్లు ఒక్కుమ్మడిగా దిగి, ఫుంకీ తెంగా వద్ద ఏటి ఒడ్డునకు చేరును. ఇక పల్లమే యని తలచిన వానికి అచ్చటనే గర్వభంగము. వంతెన దాటగానే తిరిగి మూడు వందల మీటర్లకు పైగా ఎక్కవలెను. అలసిన తొడలకు ఆ ఎక్కుడు దారి అసలైన పరీక్ష.

బేస్ క్యాంపు వద్ద గాలి ఒత్తిడి సముద్రతీరమున నున్న దానిలో ఇంచుమించు సగము. శ్వాసకు అందు ప్రాణవాయువును ఆ మేరకు తగ్గును. అందుచేత పందెగాండ్రు విమానముపై లుక్లాకు చేరి, అక్కడనుండి కాలినడకను, నడుమ విశ్రాంతి దినములు పాటించుచు, కొన్ని దినములపాటు నెమ్మదిగా పైకి పోవుదురు. శరీరము ఎత్తునకు అలవాటు పడక ముందే తొందరపడిన వానికి తలనొప్పి, వాంతులు మొదలై, ముదిరినచో ఊపిరితిత్తులలో గాని మెదడులో గాని నీరు చేరి ప్రాణము మీదికి వచ్చును. దానికి మందులు కలవు, ఆక్సిజన్ కలదు. కాని వైద్యులు అందరికంటె ముందు చెప్పు చికిత్స ఒక్కటే: క్రిందికి దిగుట. ఫెరిచే గ్రామమున 1973లో స్థాపింపబడిన హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్య కేంద్రము ఈ మాటనే బాటసారులకు బోధించుచున్నది. కావున ఈ పరుగులో ప్రతి మీటరు పల్లమును ఊపిరికి మందు. ఆ మందు వెలను చెల్లించునవి మాత్రము కాళ్ళు.

ఎట్లు చెల్లించును? నిండు బస్తాల బండి పల్లమున దిగునప్పుడు ఎద్దులు దానిని లాగవు. మెడ బిగించి ఆపుచుండును. పల్లమున పరుగెత్తువాని తొడ ముందరి కండరములును అట్లే చేయును. కాలు నేలకు తగిలినప్పుడెల్ల అవి సాగుచునే బరువును పట్టి నిలుపవలెను. కండరము ముడుచుకొనుచు పని చేసినదానికంటె సాగుచు పని చేసినప్పుడు దాని సన్నని పోగులు ఎక్కువగా దెబ్బతినును. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు. రెండవ దినమున, మూడవ దినమున బయటపడును. అందుచేతనే పల్లము మోసగించును. మొదటి పది కిలోమీటర్లు గాలిలో తేలినట్లుండును, ముప్పదవ కిలోమీటరు వద్ద మోకాలు మడవనీయదు. ఇంధనపు ఖర్చు సంగతియు ఇట్టిదే. ఇటలీ దేశపు పరిశోధకుడు మినెట్టీ, ఆయన సహచరులు 2002లో ప్రకటించిన కొలతల ప్రకారము, వంద మీటర్లకు ఇరవై మీటర్ల పల్లము వరకు పరుగు ఖర్చు తగ్గుచు పోవును. అంతకంటె నిట్రమైనచో తిరిగి పెరుగును. ఆపుట కూడ శ్రమయే గదా!

అయినను పల్లము వేగము నిచ్చుట నిజము. కావుననే క్రీడా శాసనకర్తలు దానిని అనుమానముతో చూతురు. ప్రపంచ రికార్డుగా అంగీకరింపబడవలెనన్న, దారి కిలోమీటరుకు సగటున ఒక్క మీటరు కంటె ఎక్కువ దిగరాదు. 2011లో కెన్యా దేశీయుడైన జెఫ్రీ ముటాయ్ బోస్టను నగరమున 2 గంటల 3 నిమిషముల 2 సెకండ్లలో మారథాను ముగించెను. అది అప్పటి ప్రపంచ రికార్డు కంటె తక్కువ కాలము. కాని బోస్టను దారి సుమారు 140 మీటర్లు దిగును. మొదలును తుదియు ఒకదానికొకటి మిక్కిలి దూరముగా నుండును. అందుచేత రికార్డుగా లెక్కింపలేదు. అదే బోస్టను పందెము వారు 2027 నుండి అర్హతకు మరియొక నియమము విధించిరి. 1500 అడుగులు, ఆపైన దిగు దారిలో సాధించిన కాలమునకు అయిదు నిమిషములును, 3000 అడుగులు, ఆపైన దిగినచో పది నిమిషములును కలుపుదురు. 6000 అడుగులకు చేరినచో ఆ కాలమును అసలే అంగీకరింపరు. ఎవరెస్టు మారథాను దిగునది 6300 అడుగులు! అయినను అక్కడ పరుగెత్తినవారు దీనిని తలచి నవ్వుకొందురే గాని విచారింపరు. నగర వీథులలో మూడు గంటలకు ముగించువారు సైతము ఇచ్చట ఇంచుమించు దానికి రెండింతల కాలము తీసికొనుట వింత కాదు.

మరి ఈ విద్యను నేర్చుట ఎట్లు? మొదటి పాఠము, కాళ్ళకు పల్లమును ముందుగా పరిచయము చేయుట. కండరములకు ఒక మంచి గుణము కలదు. ఒకసారి మితముగా దిగి నొప్పిపడిన కండరము, కొలది వారములలో తిరిగి దిగినచో, మునుపటంత దెబ్బతినదు. కనుక సమీపమున నున్న గుట్ట గాని, కార్యాలయపు మెట్లు గాని ఎక్కుటయే కాక నెమ్మదిగా దిగుటయు అభ్యసింపవలెను. రెండవ పాఠము, పొడవైన అంగలు మాని చిన్న అడుగులు త్వరత్వరగా వేయుట. భయముచే వెనుకకు వాలినచో మడమ జారును; నడుము నిటారుగా నుంచి, చూపును పాదముల మీద కాక కొన్ని అడుగుల ముందునకు సారింపవలెను. మూడవది పాదరక్షల సంగతి. వ్రేళ్ళు ముందుకు నెట్టబడి గోళ్ళు నల్లబడకుండ ముందు భాగమున చోటు ఉండవలెను, చీలమండ వద్ద దారము బిగువుగా నుండవలెను. నాలుగవది ఖుంబు దారికి ప్రత్యేకము: బరువులు మోయు జడల బర్రెల వరుస ఎదురైనప్పుడు కొండవైపునకు ఒదిగి నిలువవలెను, లోయవైపున నిలిచినవానిని ఒక్క మూట తగిలి క్రిందికి త్రోయవచ్చును.

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్ళు త్రాగుట మేలని తెలుగువారి సామెత. ఈ పందెమున దానికి అక్షరాల అర్థము కలదు. నీటి కేంద్రముల వద్ద నిలిచి, త్రాగి, ఊపిరి తీసికొని కదలినవారే తుదివరకు పోదురు. ఇందు ముందు నిలుచువారు సాధారణముగా నేపాలీయులే. వారికి ఆ దారి పందెపు దారి కాదు; బడికి, సంతకు, బంధువుల ఇంటికి పోవు దారి. దిగుట వారు ఎవరి వద్దనో నేర్చినది కాదు, బాల్యమున బరువు వీపున మోసికొని నేర్చినది.

తెలుగువారికి ఎవరెస్టు పేరు చెప్పగానే మాలావత్ పూర్ణ జ్ఞప్తికి వచ్చును. నిజామాబాదు జిల్లా బాలిక, పదమూడేండ్ల ప్రాయమున, 2014 మే 25వ తేదీన, ఖమ్మము జిల్లా యువకుడు ఆనంద్ కుమార్‌తో కూడ శిఖరము చేరెను. వారు ఎక్కినది టిబెట్టు వైపునుండి. ఈ పరుగు దారి నేపాలు వైపుది. కాని రెండు వైపులకు నియమము ఒక్కటే. ఎవరెస్టు మీద 8000 మీటర్లకు పైన సంభవించిన మరణములలో అధికభాగము ఎక్కునప్పుడు కాక దిగునప్పుడే జరిగినవి. జయించితిమను సంతోషము కన్ను కప్పును, ఒడలు అలసి యుండును, ప్రొద్దు వాలుచుండును. కనుక శిఖరము మీది ఛాయాచిత్రముతో ఆ పిల్లల కథ ముగియలేదు. వారు క్షేమముగా దిగివచ్చినప్పుడే ముగిసినది.

ఉద్యోగమున పై మెట్టునకు పరీక్షలు కలవు, శాఖాపరమైన శిక్షణ కలదు, సీనియారిటీ జాబితాలు కలవు. దిగుటకు ఏ పరీక్షయు లేదు, ఎవరును నేర్పరు. ఎవరెస్టు పాదమునుండి నామ్చేకు పరుగెత్తువారు నేర్చుకొని వచ్చునది ఆ విద్యయే. వేగమును భూమి ఉచితముగా నిచ్చును. దానిని అదుపున నుంచుకొనుట మాత్రము మనిషి పని. నిదానమే ప్రధానమని పెద్దలు చెప్పినది ఎక్కువానికే కాదు, దిగువానికి మరింత.

ఇచ్చటికి విచ్చేసినవారిలో ఎవరైన ఈ సెలవులలో తిరుమల మెట్లెక్కినచో, తిరిగి వచ్చునప్పుడు బస్సెక్కక నాలుగు వందల మెట్లయినను నెమ్మదిగా దిగి చూచెదరు గాక. మరునాటి ఉదయమున తొడలు చెప్పు పాఠము ఈ ప్రసంగము కంటె స్పష్టముగా నుండును.