ఇంటికి వచ్చాక పట్టిన చీము ఏ లెక్కలోకి?
(ఉప్పల్, నాచారం ప్రాంత పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కనుక, నాకు తెలిసిన ఒక్క విషయం చెప్పి ముగిస్తాను.

జబ్బు నయం చేసుకుందామని వెళ్లిన చోట కొత్త జబ్బు అంటుకుంటే దాన్ని ఆసుపత్రి ఇన్ఫెక్షన్ అంటారు. దీనికి ఒక లెక్క ఉంది. చేరేటప్పుడు లేనిది, చేరిన 48 గంటల తర్వాత బయటపడితే సాధారణంగా ఆసుపత్రిలో వచ్చినదిగా తీసుకుంటారు. ఆపరేషన్ కోత విషయంలో 30 రోజుల వరకు, మోకాలి కీలు మార్పిడి వంటి వాటిలో 90 రోజుల వరకు కనిపెట్టి చూడాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. మనం నగరంలో ఎక్కడో ఆపరేషన్ చేయించుకుని నాలుగైదు రోజులకే ఉప్పల్‌కో, నాచారానికో వచ్చేస్తాం. పదో రోజున కుట్ల దగ్గర చీము పడితే, అంతదూరం ఏం వెళతాంలే అని వీధి చివరి డాక్టరుకు చూపించుకుంటాం. ఆయన మందు రాస్తారు, తగ్గుతుంది. కానీ ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రిజిస్టరులోకి ఆ కేసు ఎక్కదు. అలాంటివి ఐదారు జరిగినా అక్కడివారికి తెలియదు. లోపం ఎక్కడుందో వెదికేవారూ ఉండరు.

2016లో సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ల తర్వాత 13 మందికి ఇన్ఫెక్షన్ సోకింది. కొందరికి చూపు పోయింది. ఆపరేషన్లో వాడిన సెలైన్ ద్రావణాన్ని పరీక్షిస్తే అందులో క్లెబ్సియెల్లా అనే సూక్ష్మజీవి బయటపడింది. ఒకేసారి అంతమందికి రావడంతో విషయం వెంటనే బయటికి వచ్చింది. అదే ఒక్కొక్కరికీ ఒక్కో వారం వచ్చి ఉంటే?

అందుచేత నా మనవి ఇది. డిశ్చార్జి కాగితాల మీద ఒక తెల్లకాగితం కుట్టి ఉంచండి. చేరిన తేదీ, ఆపరేషన్ తేదీ, మూత్రం గొట్టం వేసిన తేదీ, తీసిన తేదీ, మొదట జ్వరం లేక చీము కనిపించిన తేదీ రాయండి. చీము కనిపిస్తే యాంటీబయాటిక్ మొదలుపెట్టేముందే కల్చర్ పరీక్షకు పంపాలా అని డాక్టరును అడగండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి తప్పక కబురు చేయండి.

ఒక హెచ్చరిక. జ్వరం వచ్చిన ప్రతిసారీ ఆసుపత్రిని తప్పుపట్టకూడదు. కొన్ని మనం వెంట తీసుకెళ్లినవే అయి ఉంటాయి. తేదీలు సరిగ్గా ఉంటే ఆసుపత్రికీ న్యాయం జరుగుతుంది, రోగికీ న్యాయం జరుగుతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఫైళ్లు రాసిన చేతులు మనవి. ఈ ఒక్క కాగితం మనకు బరువు కాదు. రేపు అదే బల్ల మీద పడుకోబోయేవారికి అది రక్ష.