మోకాలు టక్ మంటే లెగ్ డే మానేయాలా?

ఈరోజు మాట్లాడే ముందు ఒక సౌండ్ వినిపిస్తా. మైక్ తీసి మోకాలి దగ్గర పెడుతున్నా, ఇయర్ ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. కూర్చుంటున్నా... లేస్తున్నా... టక్. విన్నారా? ఇంకోసారి. టక్. ఇది ఎడిటింగ్‌లో వేసిన ఎఫెక్ట్ కాదు, నా సొంత కుడి మోకాలు. ఈ ఒక్క సౌండ్‌కి భయపడి నేను నాలుగు నెలలు కాళ్ళ ఎక్సర్‌సైజులు మానేశాను. ఇదే సౌండ్‌ని తేలిగ్గా తీసుకుని ఇంకో తప్పు కూడా చేశాను. రెండోదే పెద్ద తప్పు, అది తర్వాత చెప్తా.

నా సంగతి మీలో చాలామందికి తెలుసు. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో నాలుగేళ్ళు కుర్చీకి అతుక్కుపోయి కోడ్ రాశాను. వర్క్ ఫ్రమ్ హోమ్ అని చీరాల వచ్చేసరికి ఒంట్లో నడుము ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పరిస్థితి. సరే అని గడియార స్తంభం సెంటర్ దగ్గర్లో ఒక జిమ్‌లో చేరా. మూడో వారం స్క్వాట్స్ చేస్తుంటే ఈ టక్ మొదలైంది. పక్కన బెంచ్ మీద ఉన్న అబ్బాయి, వాడికీ నా వయసే, చాలా సీరియస్‌గా, "బ్రో, గుజ్జు అయిపోతోంది, చూసుకో" అన్నాడు. అంతే. ఆ రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నా. ఒక వీడియోలో ఆర్థరైటిస్ అన్నారు, ఇంకోదాంట్లో ముప్పై దాటకుండానే కీళ్ళ మార్పిడి అన్నారు. తెల్లారి నుంచి లెగ్ డే బంద్. చెస్ట్, బైసెప్స్ మాత్రమే. నాలుగు నెలలకి పైన హీరో కటౌట్, కింద కొబ్బరి పుల్లలు. మోకాళ్ళు కాపాడుకున్నానని నేననుకున్నా. చీరాల స్టేషన్‌లో ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు తెలిసింది, అవి ఇంకా బలహీనమయ్యాయని.

అసలు ఈ 'గుజ్జు' అనే మాట దగ్గరే సగం గందరగోళం ఉంది. మనం గుజ్జు అంటూ రెండు వేరే వేరే వాటిని కలిపేస్తాం. ఒకటి ఎముక చివర నున్నగా, గట్టిగా అంటుకుని ఉండే పొర, కార్టిలేజ్. రెండోది కీలు లోపల ఉండే జిగురు ద్రవం, సైనోవియల్ ఫ్లూయిడ్. ఇది మోకాలికి నూనె లాంటిది, కానీ ట్యాంకులో పెట్రోల్‌లా రోజురోజుకీ ఖర్చయిపోయేది కాదు. ఒంట్లో అది తయారవుతూనే ఉంటుంది. కాబట్టి సౌండ్ వచ్చింది కదా అని గుజ్జు అయిపోయినట్టు కాదు.

మరి సౌండ్ ఎక్కడిది? దీనికి మా నాయనమ్మ దగ్గరికి వెళ్ళాలి. చిన్నప్పుడు ఫంక్షన్‌కి కొత్త బట్టలేసుకుని నిలబడితే, రెండు చేతులూ మన మొహం చుట్టూ తిప్పి, తన కణతలకి ఆనించుకుని మెటికలు విరిచేది. పటపటమని అన్నీ మోగితే "అబ్బో, ఎంత దిష్టి తగిలిందో నా బిడ్డకి" అనేది. మీ ఇంట్లోనూ చేసుంటారు. నాకప్పుడో డౌట్ ఉండేది. నాకు విరిచిన వెంటనే చెల్లికి విరిస్తే సౌండ్ రాదు. అంటే దానికి దిష్టి లేదా? అది చాలా ఫీలయ్యేది పాపం.

కారణం దిష్టి కాదు, గ్యాస్. గోలీ సోడా గుర్తుందిగా. గోలీ నొక్కకముందు లోపల బుడగలు కనపడవు, నొక్కగానే ప్రెషర్ తగ్గి గ్యాస్ బుడగలై పైకొస్తుంది. కీలు లోపలి ద్రవంలో కూడా కార్బన్ డై ఆక్సైడ్ లాంటి గ్యాసులు కరిగి ఉంటాయి. వేలిని లాగినా వంచినా ఎముకల మధ్య ఖాళీ ఒక్కసారి పెరుగుతుంది, ప్రెషర్ పడిపోతుంది, బుడగ పుడుతుంది. ఆ గ్యాస్ మళ్ళీ ద్రవంలో కలవడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది. అప్పటివరకు అదే మెటిక మళ్ళీ మోగదు. చెల్లీ, నువ్వు చూస్తుంటే, నీకు దిష్టి లేక కాదే, నాయనమ్మ వేళ్ళలో అప్పటికి స్టాక్ అయిపోయింది, అంతే.

ఇంత చిన్న విషయం మీద సైంటిస్టులు ఇంకా వాదించుకుంటున్నారంటే నమ్ముతారా? 1947లో లండన్‌లో రోస్టన్, హెయిన్స్ అనే ఇద్దరు వేళ్ళకి ఎక్స్‌రేలు తీసి, బుడగ పుట్టినప్పుడు సౌండ్ వస్తుందన్నారు. 1971లో లీడ్స్‌లో ఇంకో టీమ్, కాదు, బుడగ కూలిపోయేటప్పుడు వస్తుందంది. 2015లో కెనడాలో అల్బర్టా యూనివర్సిటీ వాళ్ళు ఎమ్మారై మెషీన్‌లో పెట్టి వేలు లాగుతూ వీడియో తీశారు. సౌండ్ వచ్చాక కూడా లోపల ఖాళీ అలాగే ఉంది, కాబట్టి పుట్టేటప్పుడే అన్నారు. 2018లో చంద్రన్ సుజా, బరకాత్ అనే ఇద్దరు లెక్కలు కట్టి, బుడగ పూర్తిగా పోనక్కర్లేదు, కొంచెం కూలినా ఆ సౌండ్‌కి సరిపోతుందన్నారు. నాకు ఇలాంటివి భలే ఇష్టం. ప్రొడక్షన్‌లో డెబ్భై ఏళ్ళుగా ఓపెన్‌గా ఉన్న బగ్ టికెట్ ఇది.

ఇంకొకాయన ఉన్నాడు, డొనాల్డ్ ఉంగర్ అని అమెరికాలో డాక్టర్. మెటికలు విరిస్తే ఆర్థరైటిస్ వస్తుందని చిన్నప్పుడు వాళ్ళమ్మా వాళ్ళూ తిట్టేవారట. యాభై ఏళ్ళు ఎడమ చేతి మెటికలు మాత్రమే, రోజుకి కనీసం రెండుసార్లు విరిచాడు. కుడి చెయ్యి ముట్టుకోలేదు. చివర్లో చూసుకుంటే రెండు చేతుల్లోనూ ఆర్థరైటిస్ లేదు. 1998లో మెడికల్ జర్నల్‌కి లెటర్ రాశాడు, 2009లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. ఒక్క మనిషి మీద చేసిన టెస్ట్ కాబట్టి ఇదే ఫైనల్ అనలేం. కానీ పట్టుదల చూడండి.

ఇప్పుడు మోకాలికి వద్దాం. నా టక్ ప్రతి స్క్వాట్‌కీ వస్తుంది, ఇరవై నిమిషాలు ఆగదు. అంటే అది బుడగ కాదు. కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది ఉంటుంది, టెండన్. అది ఎముక గుబ్బ మీద నుంచి జారినప్పుడు ఇలా మోగుతుంది. పడుకుని లెగ్ రైజెస్ చేసేటప్పుడు తుంటి దగ్గర టుక్ మంటుంది చూడండి, చాలావరకు అది ఇదే. మాది మగ్గాల ఇల్లు కాబట్టి నాకిలా అర్థమైంది: పడుగు దారంలో చిన్న ముడి అచ్చు దగ్గర తగులుకుని, బిగుసుకుని, చటుక్కున జారిపోయినట్టు. మూడో రకం కరకర. మోకాటి చిప్ప మీద అరచెయ్యి పెట్టి మెట్లెక్కితే ఇసక నలిగినట్టు తెలుస్తుంది. ఏ నొప్పీ లేని వాళ్ళలో కూడా చాలామందికి ఇది ఉంటుంది.

ఇదంతా చదివేసి నేను హ్యాపీ. సౌండ్ అంటే వార్నింగ్, ఎర్రర్ కాదు, బిల్డ్ ఆగదు అని ఒక థియరీ కట్టేసుకున్నా. ఇక్కడే రెండో తప్పు.

మా నాన్న నేతపని చేస్తాడు. గుంట మగ్గం. మీలో చూడనివాళ్ళకి చెప్తా: నేలలో గుంట, అంచు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేసి, కింద చెక్కల్ని ఒకటి మార్చి ఒకటి తొక్కుతూ ఉండాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. మధ్యలో లేవాలంటే మోకాళ్ళు బాగా మడిచి ఆ గుంటలోంచి పైకి రావాలి. రోజుకి ఎన్నిసార్లు స్క్వాట్ చేసినట్టో లెక్కేసుకోండి, సెట్స్ మధ్య రెస్ట్ లేకుండా. ఆయన ఓ రోజు, "ఒరేయ్, మోకాలు లేచేటప్పుడు కటుక్కుమంటోందిరా" అన్నాడు. నేను ఫోన్‌లోంచి తలెత్తకుండా, "ఏం కాదు నాన్నా, నాకూ వస్తుంది, గ్యాస్ బుడగ" అన్నా. ఆయన సరే అని మళ్ళీ మగ్గం ఎక్కాడు. కొడుకు చదువుకున్నవాడు కదా, నమ్మాడు.

నేను అడగాల్సినవి ఒక్కటీ అడగలేదు. సౌండ్‌తో పాటు నొప్పి ఉందా? ఉంది. సాయంత్రానికి వాపు వస్తోందా? వస్తోంది, అమ్మ రోజూ వేణ్ణీళ్ళ కాపడం పెడుతోంది, నేను చూస్తూనే ఉన్నా. ఒక్కోసారి కాలు పట్టేసి చాపలేకపోతున్నాడా? అదీ ఉంది. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు తెచ్చుకుని వేసుకుంటున్నాడు. నెలన్నర తర్వాత ఓ పొద్దున గుంటలోంచి లేస్తూ కాలు మడిచిన చోటే బిగుసుకుపోయింది. నిలబడలేడు, కూర్చోలేడు. నేనూ, పక్కింటి బాబాయ్ చెరో భుజం పట్టుకుని పైకి లాగాం. ఆయన అరవలేదు. పళ్ళు బిగించి నా చెయ్యి పట్టుకున్నాడు, ఆ పట్టు నాకింకా గుర్తే.

ఎమ్మారై తీస్తే మెనిస్కస్ చిరిగింది. అంటే తొడ ఎముకకీ కింది ఎముకకీ మధ్య కుషన్‌లా ఉండే రెండు అర్ధచంద్రాకారపు ముక్కల్లో ఒకటి. చిరిగిన ముక్క మధ్యలో ఇరుక్కుంటే కీలు లాక్ అయిపోతుంది. చిన్న రంధ్రాలు పెట్టి ఆపరేషన్ చేశారు, తర్వాత ఫిజియోథెరపీ. ముందే వెళ్ళుంటే ఆపరేషన్ లేకుండా పోయేదా అని డాక్టర్‌ని అడిగా. చెప్పలేం అన్నారు. ఆ చెప్పలేం అనే మాట నాతోనే ఉండిపోయింది.

అందుకే ఇప్పుడు సౌండ్ గురించి అడిగిన వాళ్ళని సౌండ్ గురించి కాదు, దాని పక్కన ఏముందో అడుగుతున్నా. నొప్పి, వాపు, బిగుసుకుపోవడం, నడుస్తుంటే కాలు జారిపోయినట్టు మడత పడటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎముకల డాక్టర్‌కి గానీ, చదువుకున్న ఫిజియోకి గానీ చూపించాలి. ఆటలో కాలు మెలి తిరిగి టప్‌మని మోగి, కొన్ని గంటల్లోనే మోకాలు ఉబ్బిందంటే ఆ రోజే వెళ్ళండి, అది లిగమెంట్ కావచ్చు. వాడరేవు ఇసకలో కబడ్డీ, వాలీబాల్ ఆడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. "పసర కట్టు కట్టుకుని మళ్ళీ ఆడాను బ్రో" అని గొప్పగా చెప్పేవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు, ఇద్దరూ ఇప్పుడు ఆడట్లేదు.

లిగమెంట్ పోతే ఇక అయిపోయినట్టేనా అంటే, మన ఇంకొల్లు పక్కన నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ గారిని చూడండి. 1994లో పుణె నేషనల్ గేమ్స్‌లో డబుల్స్ ఆడుతూ మోకాలి లిగమెంట్ తెగింది. తర్వాత మోకాలికి ఆపరేషన్లు, ఏళ్ళ తరబడి కసరత్తు. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్‌లో చెన్ హాంగ్‌ని వరస గేముల్లో ఓడించారు. ఆయనకున్న కోచింగ్, ఫిజియోలు మనకుండరు, ఒప్పుకుంటా. కానీ ఆయన గాయాన్ని గాయంలా చూశారు, వైద్యం చేయించుకున్నారు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. 2017లో అమెరికాలో ఓ స్టడీ వచ్చింది, దాదాపు 3,500 మంది మీద. మోకాళ్ళలో తరచూ సౌండ్ వస్తుందన్న వాళ్ళలో తర్వాతి ఏళ్ళలో నొప్పితో కూడిన ఆర్థరైటిస్ ఎక్కువమందికి వచ్చింది. కానీ వాళ్ళంతా నలభై అయిదు దాటినవాళ్ళు, అలా నొప్పి మొదలైన వాళ్ళలో ఎక్కువమందికి ఎక్స్‌రేలో అరుగుదల ముందే ఉంది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు దీన్ని చూసి పడుకోవడం మానేయక్కర్లేదు. మీ అమ్మగారి మోకాలు కరకరమంటే మాత్రం, "అందరికీ ఉంటుందిలే" అనకండి.

నేను మళ్ళీ లెగ్ డే ఎలా మొదలెట్టానంటే, బరువులన్నీ తీసేశా. ఇంట్లో కుర్చీ పెట్టుకుని దాని మీదకి మెల్లగా కూర్చోవడం, లేవడం. దిగడానికి మూడు సెకన్లు. సైడ్ నుంచి ఫోన్‌తో వీడియో తీసుకుంటే మోకాళ్ళు లోపలికి వాలిపోతున్నాయని కనపడింది, అది సరిచేసుకున్నా. ఎక్కడిదాకా నొప్పి లేకుండా దిగగలనో అక్కడిదాకే. మెట్టు ఎక్కి దిగడం, తుంటి కండరాలకి బ్రిడ్జిలు. మొదలెట్టే ముందు పది నిమిషాలు నడక. రూల్ ఒకటే పెట్టుకున్నా: చేసేటప్పుడు నొప్పి పదికి రెండు మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున్నకి పెరగకూడదు, వాపు రాకూడదు. దాటితే బరువో లోతో తగ్గించడం, మానేయడం కాదు. సౌండ్‌ని లెక్కలోకే తీసుకోలేదు. ఇప్పుడు టక్ కొంచెం తగ్గింది, పోలేదు. మొదట్లో మీరు విన్నారుగా.

ఫోన్‌లో వచ్చే 'గుజ్జు పెంచే పౌడర్' యాడ్స్ సంగతి చాలామంది అడిగారు. అలాంటి వాటిలో ఎక్కువగా వేసే గ్లూకోసమైన్ మీద 2006లో అమెరికాలో దాదాపు 1,600 మందితో పెద్ద ట్రయల్ చేశారు. మొత్తం మీద ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేసినట్టు తేలలేదు. నెలకి రెండు వేలు పెట్టి డబ్బా కొనే బదులు ఆ డబ్బుతో ఒక్కసారి ఫిజియోని కలవండి. నాకు ఎవరూ స్పాన్సర్ చేయలేదు, ఇలా మాట్లాడితే చేయరు కూడా.

నాన్న ఇప్పుడు పూటకి రెండు గంటలే మగ్గం మీద కూర్చుంటున్నాడు. గుంట పక్కన ఒక మెట్టు కట్టించాం, పట్టుకుని లేవడానికి పైనుంచి తాడు వేలాడదీశాం. సాయంత్రం నాతో పాటు కుర్చీ ఎక్సర్‌సైజు పది చేస్తాడు, పదకొండోది చేయమంటే "గుంజీలు తీయడానికి నేనేమన్నా బడి ఎగ్గొట్టానా" అంటాడు. మోకాలు ఇప్పటికీ అప్పుడప్పుడు మోగుతుంది. మోగినప్పుడల్లా నా వైపు చూస్తాడు, నేను వాపు ఉందా అని అడుగుతా, లేదంటాడు. నేను నమ్మను, వెళ్ళి చెయ్యి పెట్టి చూస్తా.

ఇవాళ్టికి ఇంతే. వచ్చేవారం నడుము నొప్పి, ల్యాప్‌టాప్ కుర్చీల గురించి మాట్లాడదాం. ఉంటానండి.