గాలి వడపోత: నూనె మేలా, కాగితము మేలా?
(ఏర్పేడు రైతు సోదరుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)



సేద్యశాస్త్రము బోధించువానికి ఇంజను సంగతి ఏలయని మీలో కొందరికి తోచవచ్చును. వాన పడి నేల పదునెక్కిన నాలుగు దినములలో ట్రాక్టరు మూలబడినచో, నేను చెప్పు విత్తన మోతాదు గాని, వేరుసెనగ సాళ్ళ దూరము గాని మీకు అక్కరకు రాదు. అందుచేత నేడు ఇంజను పీల్చు గాలిని గూర్చి చెప్పదలచితిని.

ఒక లీటరు డీజిలు మండుటకు తక్కువలో తక్కువ పదివేల లీటర్ల గాలి కావలెను. మన ఎర్ర గరప నేలలలో రోటవేటరు త్రిప్పునపుడు ఆ గాలి ఎట్లుండునో మీ కండ్లకు, ముక్కులకు తెలిసినదే. ఆ ధూళిలోని ఇసుకపొడి సిలిండరులో చేరి పిస్టను రింగులను, లైనరును సానరాతివలె అరుగదీయును. పిదప ఇంజను ఆయిలు త్రాగును, నీలిపొగ విడుచును, బలము తగ్గును.

ఈ ధూళిని ఆపుటకు చాల ట్రాక్టర్లలో నూనెతొట్టి వడపోత కలదు. గాలి నడిమి గొట్టము గుండ దిగి, గిన్నెలోని నూనెను తాకి, వెంటనే పైకి మరలును. ఆ మలుపులో బరువైన ధూళి నూనెలో చిక్కును. మిగిలినది నూనె తడిసిన తీగెజల్లెడకు అంటుకొనును. కడిగి మరల మరల వాడవచ్చును, కొత్తది కొనవలసిన పని లేదు. దీనిపై మన పెద్దలకు గురి కుదిరినది ఇందుకే.

అయితే ఇది మంచి స్థితిలో నున్నను నూటికి 95 నుండి 98 పాళ్ళ ధూళినే పట్టును. మంచి కాగితపు వడపోత 99 పాళ్ళకు పైబడి పట్టును. తేడా స్వల్పమని తోచును గాని, లోనికి పోవుదానిని లెక్కింపుడు. నూరు గ్రాముల ధూళి వచ్చినచో మొదటిది 2 నుండి 5 గ్రాములు విడుచును. రెండవది ఒక గ్రాము కూడ విడువదు. ఇంజనును అరుగదీయునది ఆ విడిచినదే గదా! పైగా ఇంజను మెల్లగా తిరుగునపుడు గాలివేగము చాలక నూనె జల్లెడను సరిగా తడుపదు. దుమ్ములో ట్రాక్టరును ఊరక ఆడించుచు టీ త్రాగుటకు పోరాదు.

నూనె గిన్నెలోని గీత వరకే ఉండవలెను. తగ్గినచో దుమ్ము లోనికి పోవును. హెచ్చినచో నూనెయే ఇంజనులోనికి లాగబడి, అది అదుపు తప్పి పరుగెత్తు ప్రమాదము కలదు. ఇంకొంచెము పోసిన మంచిదే యను ఉదారత ఇక్కడ పనికిరాదు. దుక్కి దినములలో ప్రతి ఉదయము గిన్నె విప్పి చూడుడు. అడుగున బురద పేరి నూనె చిక్కబడినచో దానిని తీసివేసి, గిన్నెను డీజిలుతో కడిగి, ట్రాక్టరు పుస్తకములో చెప్పిన నూనె పోయుడు. వాడిన నల్లనూనె పోయవద్దు.

ఇక కార్ల సంగతి. కొందరు కాగితపు వడపోత తీసివేసి, నూనె పూసిన నూలుగుడ్డ వడపోత బిగించుకొనుచున్నారు. అది ఏండ్ల తరబడి నిలుచుననియు, గాలి ధారాళముగా పోయి బలము హెచ్చుననియు అమ్మువారు చెప్పుదురు. గాలి ధారాళముగా పోవుట నిజమే. సాధారణముగా ఆ దారినే సన్నని ధూళియు పోవును. మామూలు కారులో హెచ్చు బలము మీకు తెలియవచ్చునంత ఉండదు. కడిగిన పిదప పూర్తిగా ఆరనిచ్చి, నూనె పలుచగా పూయవలెను. ఎక్కువైనచో అది గాలిని కొలుచు సన్నని తీగకు అంటి, కొలత తప్పి, కారు తడబడును. తిరుపతి, శ్రీకాళహస్తి తారురోడ్డుపైననే తిరుగుచు, ఓపికగా కడుగుకొనువారికి అది చెల్లవచ్చును. బండిబాటన పొలమునకు పోవు కారుకు కాగితమే మేలని నా అభిప్రాయము.

కాగితపు వడపోతను కంప్రెసరు గాలితో గట్టిగా ఊదరాదు. కంటికి కానరాని చిల్లులు పడును. కొత్త ట్రాక్టరు కొనువారు కాగితపుదే అడుగుడు. పాతదానికున్న నూనెతొట్టిని మాత్రము మీకు మీరే పీకివేయకుడు.

ఏ వడపోత యైనను, దాని నుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టము పగిలినచో ఫలము లేదు. ఇంజను ఆపి, ఆ గొట్టమును విప్పి, లోపల వ్రేలితో తుడిచి చూడుడు. వ్రేలికి ఎర్రమన్ను అంటినచో, గొట్టమును, క్లిప్పులను, వడపోతను సరిచేయించిన పిదపనే పొలములోనికి దిగుడు.