పుస్తకం ముందు, కంప్యూటర్ తర్వాత
(వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ మాట్లాడిన మాటలు)



నేను పదో తరగతి వరకే చదివిన. కంప్యూటర్ గురించి మాట్లాడమంటే మొదట భయపడ్డ. కానీ పోయిన ఏడాది ఒక కంప్యూటర్ మా పైసలు రెండు నెలలు ఆపింది. అందుకే ఆ సంగతి నేనే చెప్పాలె.

1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు నేను చిన్నపిల్లను. ఇప్పుడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఆఫీసులకు మన అక్కలు టిఫిన్లు, పిండివంటలు ఇస్తున్నరు. మా సంఘం ఒక ఆఫీసు క్యాంటీన్‌కు 200 సకినాల ప్యాకెట్లు పంపింది. మొత్తం పది అట్టపెట్టెలు. అందులో ఒకటి ఆటోలనే మిగిలిపోయి, సాయంత్రం వేరే గేటు నుంచి లోపలికి పోయింది. మొదటి గేటు దగ్గర 180 అని ఎక్కింది. మా బిల్లు 200. ఇరవై ప్యాకెట్ల కోసం బిల్లు మొత్తం ఆగింది. సరుకుల కోసం సంఘంలో తీసుకున్న 20,000 అప్పుకు నూటికి రూపాయి చొప్పున రెండు నెలల మిత్తి, 400 రూపాయలు మీద పడ్డది.

ఎందుకు ఆపిన్రని అడిగితే "ఈఆర్‌పీ ఒప్పుకోలేదు" అన్నరు. నేను మన ఊళ్లల్ల సంఘాలను చూసే సెర్ప్ అనుకున్న! అమీర్‌పేటలో కోర్సు నేర్చుకున్న మా ఆడబిడ్డ కొడుకు విడమరచి చెప్పిండు. కొనుగోలు, స్టాకు, అమ్మకం, జీతాలు, బ్యాంకు లెక్క అన్నీ ఒకే చోట కలిపే సాఫ్ట్‌వేర్ అది. అమీర్‌పేట బోర్డుల మీద చూసే శాప్ అట్లాంటిదే. ఆ కంపెనీ 1972లో జర్మనీలో పుట్టింది. ఆర్డర్, గేటులో దిగిన సరుకు, బిల్లు ఈ మూడు కలిస్తేనే అది పైసలు వదులుతది.

ఆలోచిస్తే అందులో తప్పు లేదు. రాని సరుకుకు మనమైనా పైసలు ఇస్తమా? తప్పు ఎక్కడంటే, రెండో పెట్టెకు మేము చలాన్ మీద సంతకం తీసుకోలేదు. అట్లాంటి తాళం మన వంటశాలకూ కావాలె. ఇంట్లో ఉన్నదని తెలియక నువ్వులు రెండుసార్లు కొన్నం, ఒక బస్తా చేదెక్కింది. ఒకసారి ఎక్కిస్తే స్టాకులో, లెక్కలో, బిల్లులో అన్నిట్ల కనబడుడే ఈఆర్‌పీ లాభం.

ఇగ ఖర్చు. సాఫ్ట్‌వేర్ ధర ఒక్కటే ఖర్చు కాదు. బిగించేటోళ్లకు, నేర్పేటోళ్లకు, ఏటేటా మరమ్మతుకు ఇయ్యాలె. రోజూ ఎక్కించే మనిషి టైము కూడా ఖర్చే. ఈఆర్‌పీనెక్స్ట్ లాంటివి లైసెన్స్ పైసలు లేకుండ దొరుకుతయి, కానీ నడిపే ఖర్చు తప్పదు. ఒక్క పిల్లకే వస్తే, ఆమె పెండ్లయి పోయిన రోజు మన లెక్కలు కూడా ఆమెతోనే పోతయి.

పెద్దోళ్లు కూడా దెబ్బ తిన్నరు. అమెరికాలో హెర్షీ అనే చాక్లెట్ కంపెనీ నాలుగేండ్ల పనిని రెండున్నరేండ్లకు కుదించి, 1999లో పండుగ సీజన్ ముందర కొత్త సిస్టం మొదలుపెట్టింది. గోదాంలో సరుకు ఉన్నా దాదాపు పది కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయింది. సంక్రాంతి ముందు మనకు అట్ల అయితే?

అందుకే సమాఖ్య ముందర నా మాటలు నాలుగు. ఒకటి, పంచసూత్రాల్లో పుస్తకాలు రాసుడు ఉన్నది; ఆరు నెలలు స్టాకు పుస్తకం రోజూ సక్కగ రాయాలె. పుస్తకంలో తప్పుంటే కంప్యూటర్‌లో కూడా తప్పే ఉంటది. రెండు, చిన్న సాఫ్ట్‌వేర్‌తో, పండుగలు లేని నెలలో మొదలుపెట్టాలె. మూడు నెలలు పుస్తకం కూడా పక్కనే నడవాలె. మూడు, కనీసం ఇద్దరు సభ్యులు నేర్చుకోవాలె, పాస్‌వర్డ్ సమాఖ్య దగ్గర ఉండాలె. నాలుగు, ప్రతి సంఘం యూనిట్‌కు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించాలె. అది ఉచితం. అది ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, సరుకు ఒప్పుకున్నంక ఒప్పందంలో ఏమి రాసుకున్నా 45 రోజుల లోపల పైసలు ఇయ్యాలె.

ఆ 400 రూపాయలు మాకు పోయినయి. మీకు పోవద్దని చెప్తున్న. చలాన్ మీద సంతకం లేకుండ గేటు దాటకండి.