చక్రాల యింటిలో టెలివిజను

ఉత్తర అమెరికాలో ఆర్.వి. అను వాహనమొకటి కలదు. రిక్రియేషనల్ వెహికిల్ అను మాటలకు అది పొడియక్షరముల పేరు. అది బస్సంత మోటారు బండి కావచ్చును. ట్రక్కు వెనుక తగిలించి లాగు పెట్టెబండి కావచ్చును. లోపల పడకలు, వంటపొయ్యి, స్నానపుగది, నీళ్ల తొట్టి, బ్యాటరీలు ఉండును. ఉద్యోగ విరమణ చేసిన దంపతులు పలువురు నెలల తరబడి అందులోనే కాపురముండి, శీతకాలమున ఫ్లోరిడా, ఆరిజోనా వైపునకు, వేసవిలో ఉత్తరపు అడవుల వైపునకు తిరుగుచుందురు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబములు కూడ సెలవులలో ఇట్టి బండిని అద్దెకు తీసికొని, స్వదేశమునుండి వచ్చిన తల్లిదండ్రులను ఎల్లోస్టోన్ వంటి చోట్లకు తీసికొనిపోవుట కలదు.

ఇల్లు కదలినప్పుడు ఇంటిలోని సదుపాయములును దానితో కదలును. పొయ్యి ఎక్కడనైనను మండును. దీపము ఎక్కడనైనను వెలుగును. ఉపగ్రహ టెలివిజను మాత్రము అట్లు కాదు. అది బండి నిలిచిన చోటును బట్టి పనిచేయును. ఈ యొక్క సంగతి ముందుగా గ్రహించినవారికి డబ్బును శ్రమయును మిగులును. ఒక్కొక్కప్పుడు ప్రాణరక్షణ కూడ దీనిపై ఆధారపడును.

1945 అక్టోబరులో ఆర్థర్ క్లార్క్ ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. భూమధ్యరేఖకు పైని తగిన యెత్తున ఉంచిన ఉపగ్రహము భూమితో సమముగా తిరుగుచు, మనకు ఆకాశమున ఒక్కచోటనే నిలిచినట్లుండునని, దానినుండి భూమిపైకి ప్రసారములు చేయవచ్చునని అందు వివరించెను. ఆ యెత్తు 35,786 కిలోమీటర్లు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా మన దేశమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను చూపిన ‘సైట్’ ప్రయోగము పెద్దలకు జ్ఞాపకముండవచ్చును. ఆంధ్రప్రదేశ్ గ్రామములును అందులో ఉండెను. ఆనాడు గ్రామమున అమర్చిన తీగవల పళ్లెము వెడల్పు మూడు మీటర్లు. 1994లో డైరెక్ టి.వి. సంస్థ అమెరికాలో ప్రసారములు ప్రారంభించునాటికి 18 అంగుళముల డిష్షు చాలెను. డిష్షు ఇంత చిన్నదైన పిమ్మటనే అది బండి కప్పుమీదికి సులభముగా ఎక్కగలిగెను.

డిష్షు చిన్నదైనను, ఉపగ్రహమునకును దానికిని నడుమ అడ్డమేమియు ఉండరాదు. గోడ మాట అటుంచి, ఆకులు దట్టమైన కొమ్మ చాలును, బొమ్మ మాయమగుటకు. కావున ఉపగ్రహము దిక్చక్రమునకు ఎంత యెత్తున కనబడునో మొదట తెలియవలెను. హైదరాబాదునుండి చూచిన, దూరదర్శన్ వారి ఉచిత డిష్ ప్రసారములు వచ్చు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశపు ఉపగ్రహము ఆగ్నేయ దిశన సుమారు 63 డిగ్రీల యెత్తున ఉండును. అంతయెత్తున ఉన్నదానికి పెరటిచెట్టు అంతగా అడ్డురాదు. అమెరికా ఉత్తరమునకు జరిగియుండుటచే అక్కడ ఈ సౌకర్యము తక్కువ. 119 డిగ్రీల పశ్చిమ రేఖాంశముపై నున్న ఉపగ్రహమును డెన్వరు నగరమునుండి చూచిన 42 డిగ్రీల యెత్తున ఉండును. ఈశాన్యపు కొసనున్న మెయిన్ రాష్ట్రములోని అకాడియా జాతీయ వనమునుండి చూచిన 19 డిగ్రీలే.

ఈ అంకెలు చెట్ల లెక్కలోనికి మార్చిన విషయము తేటపడును. డిష్షుకంటె పది మీటర్లు ఎత్తైన చెట్టు ఆ దిక్కున ఉన్నదనుకొందము. డెన్వరులో ఆ చెట్టునకు 11 మీటర్లు ఇవతల డిష్షు పెట్టిన చాలును. అకాడియాలో 30 మీటర్లు ఇవతలకు రావలెను. చల్లని నీడగల అడవి మకాములో అంత ఖాళీ దొరకుట అరుదు. డిష్ నెట్‌వర్క్ సంస్థకు పడమట 110, 119 మొదలైన స్థానములందే గాక, తూర్పున 61.5, 72.7 స్థానములందును ఉపగ్రహములు ఉండుట ఇందుకు కొంత పరిష్కారము. అకాడియాలో 72.7 స్థానపు ఉపగ్రహమును పట్టిన, అది 39 డిగ్రీల యెత్తున కనబడును. అయితే అన్ని డిష్షులును రెండు వైపులను పట్టజాలవు, కొనునప్పుడే విచారించుకొనవలెను.

డిష్షు ఎక్కడ నుండవలెను అను ప్రశ్నకు రెండు జవాబులు కలవు. కప్పుమీద గుమ్మటములోపల ఉండి, మీట నొక్కినంతనే ఉపగ్రహమును తానే వెదకుకొను యాంటెనా ఒకటి. వానలో దిగి తడియనవసరము లేదు. ప్రతిదినము మకాము మార్చువారికి ఇది మేలు. కాని బండి నీడలో నిలిచిన డిష్షును నీడలోనే ఉండును. డైరెక్ టి.వి. హెచ్.డి. ఛానళ్లు వచ్చు కె.ఏ. పట్టీని ఈ చిన్న గుమ్మటములు సాధారణముగా అందుకొనలేవు. రెండవది, ముక్కాలిపీటపై నిలుపు డిష్షు. దీనిని చేతితో సరిచేయవలెను. గాలికి పడకుండ బరువు కట్టవలెను. అయినను, బండిని చెట్టునీడన ఉంచి, డిష్షును మాత్రము పొడవైన తీగతో ఎండలోనికి తీసికొనిపోవచ్చును. ఒకచోట వారములకొలది ఉండువారికి, అడవులలో విడియువారికి ఇదియే తగినది. చేతితిప్పుడుచే కప్పుపైకి లేచు డిష్షు గలవారు బయలుదేరుటకు ముందు దానిని దింపుట మరువరాదు. లేచిన డిష్షుతో బండి నడిపిన, మొదటి కొమ్మయే దానిని విరుగగొట్టును.

ముక్కాలిపీట నిలుపుటలో మొదటి పని స్తంభమును నిటారుగా చేయుట. నీటిబుడగ మట్టముతో ఇది చూడవలెను. స్తంభము ఒరిగియున్నచో, డిష్షుపై చెక్కిన అంకెలు నిజమైన కోణమును చూపవు. పిదప దిక్కు, ఎత్తు, ఒరపు అను మూడంకెలు కావలెను. ఆయా ఊరి పోస్టల్ పిన్ వంటి జిప్ కోడు చెప్పిన రిసీవరే వానిని తెరపై చూపును. ఎత్తును, ఒరపును ముందే బిగించి, దిక్కును మాత్రము మెల్లగా త్రిప్పుచు వెదకుట సులభము.

దిక్కు కనుగొనుటలో పలువురు పొరపడుదురు. దిక్సూచి చూపునది అయస్కాంతపు ఉత్తరము. పటములోనిది నిజమైన ఉత్తరము. సియాటిల్ ప్రాంతమున సూది సుమారు 15 డిగ్రీలు తూర్పునకును, మెయిన్‌లో దాదాపు అంతే పడమరకును తొలగియుండును. 18 అంగుళముల డిష్షు చూపు వెడల్పు నాలుగు డిగ్రీలకు మించదు గనుక, ఈ తేడాను సరిదిద్దనిచో ఉపగ్రహము దొరకదు. ఉక్కు బండి ప్రక్కన నిలిచి దిక్సూచి చూచుటయు తగదు. మరియొక చిక్కు కలదు. 110, 119 స్థానముల నడుమ దూరము తొమ్మిది డిగ్రీలే. గుర్తుబలము బాగుగ కనబడినను, దొరికినది ప్రక్క ఉపగ్రహము కావచ్చును. తెరపై ఉపగ్రహపు సంఖ్యను సరిచూచుకొనిన తరువాతనే మరలు బిగించవలెను.

ఇక బొమ్మ వచ్చిన పిమ్మట వచ్చు ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. ఏ ఊరి వార్తలు వచ్చును? ప్రాంతీయ ఛానళ్లను ఉపగ్రహము దేశమంతటికి వెదజల్లదు. ఆయా నగర పరిసరములపైననే పడు సన్నని కిరణపుంజముగా పంపును. చందాదారు ఒహాయోవాడైనచో, అతని సేవ ఒహాయో చిరునామాకే ముడిపడియుండును. బండి ఓక్లహోమా చేరినప్పుడు సొంతయూరి ఛానళ్లు మాయమగును. సంస్థకు ఫోను చేసి చిరునామా మార్పించుకొననిదే క్రొత్తయూరివి రావు. దూర నగరముల నెట్‌వర్కు స్టేషనులను ఉపగ్రహముద్వారా ఇచ్చు అనుమతిని 2019 నాటి చట్టము చాలవరకు తొలగించినను, ఆర్.వి.లకును, సరకు లారీలకును, మరికొన్ని ప్రాంతములకును నిలిపియుంచెను. దానివలన ఎక్కడనున్నను నాటకములు, ఆటలు చూడవచ్చును. కాని అందులోని వాతావరణ వార్త మాత్రము ఆ దూర నగరమునకు చెందినదే.

వసంతకాలమున ఓక్లహోమా, కాన్సాస్ మైదానములలో టోర్నడో అను సుడిగాలులు లేచును. పునాదిలేని బండి వానికి ఆగదు. హెచ్చరిక వినినంతనే దానిని విడిచి గట్టి కట్టడములోనికి పోవలసినదే. అట్టి సమయమున డిష్షు రెండు విధముల నమ్మరానిది. అది చూపునది వేరు ఊరి వార్త కావచ్చును. అంతేగాక, దాని తరంగముల పొడవు రెండున్నర సెంటీమీటర్లే గనుక, కుంభవృష్టి కురియునప్పుడు అవి దారిలోనే క్షీణించి బొమ్మ పోవును. అవసరము కలిగిన క్షణముననే తెర చీకటియగును.

ఇంటర్నెట్ ఈ లోటును కొంత తీర్చును. 2022లో స్టార్‌లింక్ సంస్థ ఆర్.వి.లకు ప్రత్యేక సేవ ప్రారంభించినది. మన తెలుగు ఛానళ్లను కూడ ఆ మార్గమున చూడవచ్చును. దాని ఉపగ్రహములు సుమారు 550 కిలోమీటర్ల యెత్తున పరుగెత్తుచుండును గనుక, దానికి ఆకాశమున ఒక్క సందు చాలదు, విశాలమైన చూపు కావలెను. చెట్ల సమస్య దానికిని ఉన్నది. స్థానిక స్టేషనులను నేరుగా అందుకొను మామూలు యాంటెనా కూడ కప్పుపై ఉండుట మంచిది.

వీనికన్నిటికి తోడుగా బండిలో తప్పక ఉండవలసిన వస్తువు ఒక చిన్న రేడియో. అమెరికా వాతావరణ శాఖ 162.400 మొదలు 162.550 మెగాహెర్ట్జుల వరకు ఏడు తరంగములపై రాత్రింబగళ్లు హెచ్చరికలు ప్రసారము చేయుచున్నది. ఆ తరంగములను అందుకొను రేడియో బ్యాటరీతో నడచును. హెచ్చరిక వచ్చినప్పుడు తానే మ్రోగి నిద్రలేపును. హెచ్చరికలు కౌంటీ పేరుతో, అనగా మన జిల్లావంటి విభాగము పేరుతో వెలువడును. బాటసారికి తాను ఏ కౌంటీలో నున్నదియు సాధారణముగా తెలియదు. కనుక మకాము చేరిన వెంటనే అచ్చటి కార్యాలయమున రెండు సంగతులు అడిగి వ్రాసికొనవలెను: ఇది ఏ కౌంటీ? గాలివాన వచ్చిన ఎక్కడ తలదాచుకొనవలెను? రేడియోలో ఆ కౌంటీ సంఖ్యను అమర్చిన తరువాత డిష్షు సరిచేయుటకు తీరికగా కూర్చుండవచ్చును. బొమ్మ ఒక గడియ ఆలస్యమైనను నష్టము లేదు.