ఏ రోగమునకు ఏ గుమ్మము?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన మన గ్రంథాలయమునకు నమస్కరించి నా మాటలు ఆరంభించుచున్నాను. గ్రంథములను గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు నాకంటె బాగుగా చెప్పగల పెద్దలు ఇంతకుముందే మాట్లాడిరి. కార్యదర్శిగారు నాకిచ్చిన విషయము వేరు. రోగము వచ్చినప్పుడు మన ఊరివారు ఎచ్చటికి పోవలెనో చెప్పుమని వారు కోరిరి. నేను వైద్యుడను కాను. బడిపంతులుగా పనిచేసి, ఈ గ్రంథాలయపు బీరువాల తాళములు కొన్నేండ్లు మొలకు కట్టుకొని తిరిగినవాడను. అయినను ఈ పని నాకే అప్పగించుటకు ఒక కారణమున్నది. పెద్దలందరు దాని నెరుగుదురు. పిన్నలకొరకు చెప్పెదను.

మా తండ్రిగారు ప్రతి సాయంకాలము ఈ పఠన మందిరములో వార్తాపత్రిక బిగ్గరగా చదివెడివారు. చదువు రానివారు అరుగుమీద కూర్చుండి వినెడివారు. 2011వ సంవత్సరమున సంక్రాంతి వెళ్ళిన నాలుగవ నాటి రాత్రి, ఎనిమిది గంటలవేళ, భోజనము చేయుచుండగా వారి కుడిచేతిలోని ముద్ద జారి విస్తరిలో పడినది. మాట తడబడినది. మూతి ఒకవైపునకు వంగినది. మేము భయపడితిమి గాని కదలలేదు. ఒకరు వాతమనిరి, ఒకరు నూనె కాచి మర్దనము చేయుడనిరి, ఇంకొకరు తెల్లవారినంతనే పసరు పోయించుటకు కొనిపోవుదమనిరి. ఆ రాత్రి అట్లే గడచెను. ఉదయమున పట్టణములోని ఒక నర్సింగు హోమునకు తీసికొనిపోతిమి. అచ్చట సెలైను ఎక్కించి మధ్యాహ్నము దాక ఉంచిరి. స్కానింగు యంత్రము వారికి లేదు. సాయంకాలమునకు పెద్ద ఆసుపత్రికి చేరితిమి. అచ్చటి వైద్యుడు నన్ను ఒకే ప్రశ్న అడిగెను: "ఇది ఎన్ని గంటలకు మొదలయినది?" నిన్న రాత్రి ఎనిమిది గంటలకని చెప్పితిని. ఆయన మరేమియు అనలేదు.

తరువాత తెలిసికొంటిని. మెదడులోని రక్తనాళమునకు గడ్డ అడ్డుపడి వచ్చు పక్షవాతమునకు, ఆ గడ్డను కరిగించు మందు ఒకటి కలదు. దానిని సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. ఈయుటకు ముందు అది గడ్డయో, రక్తస్రావమో స్కానింగులో చూడవలెను. రక్తస్రావమైనచో ఆ మందు ప్రాణమునకే ముప్పు. కావున స్కానింగు లేనిచోట ఎంత మంచి వైద్యుడున్నను ఈ పని జరుగదు. అట్టి యంత్రమున్న ఆసుపత్రి మన ఊరికి ముప్పది కిలోమీటర్ల దూరముననే ఉండెను. 108 అంబులెన్సులు మన రాష్ట్రమున 2005 నుండియే తిరుగుచుండెను. అన్నియు ఉండెను, మాకు తెలియకుండెను. మా తండ్రిగారు ఇంకొక ఆరేండ్లు బ్రతికిరి. పత్రిక మాత్రము మరల చదువలేదు.

సోదరులారా, ఆనాడు ఈ గ్రంథాలయమున ఏ పుస్తకము ఏ బీరువాలో ఏ అరలో ఉన్నదో కన్నులు మూసుకొని చెప్పగలిగినవాడను నేను. కన్నతండ్రికి కావలసిన ఆసుపత్రి ఎచ్చటనున్నదో చెప్పలేకపోతిని. గ్రంథాలయ శాస్త్రమునకు పితామహుడనదగిన రంగనాథన్‌గారు 1931లో అయిదు సూత్రములను ప్రకటించిరి. పాఠకుని కాలము వృథా కాకుండ చూడవలెననుట వానిలో నొకటి. పాఠకుని కాలమే అంత విలువైనదైనచో రోగి కాలము మాటయేమి? నేడు నేను చెప్పదలచినది ఇంతియే. రోగమునకు తగిన గుమ్మమును రోగము రాకముందే తెలిసికొని యుండవలెను.

ఇక ఆ గుమ్మములు ఎట్టివో చూతము. 1946లో భోర్ సంఘము తన నివేదికలో, వైద్యము పట్టణములలో కూడియుండుట చాలదనియు, పల్లెలకు అందుబాటులో ప్రాథమిక కేంద్రములు వెలయవలెననియు చెప్పెను. నేటి ఏర్పాటునకు మూలమదియే. ప్రభుత్వపు లెక్క ప్రకారము మైదాన ప్రాంతమున 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రము, 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, 1,20,000 జనాభాకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రము ఉండవలెను. కొండ ప్రాంతములలోను, గిరిజన ప్రాంతములలోను ఈ సంఖ్యలు వరుసగా 3,000, 20,000, 80,000. వానిపైన ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, వైద్య కళాశాలల బోధనాసుపత్రులు ఉన్నవి. ఇది నిచ్చెనవంటిది. మొదటి మెట్టు చిన్నదని తీసివేయరాదు. అట్లని ప్రాణాపాయ సమయమున ప్రతి మెట్టుమీదను ఆగుచు పోరాదు.

మొదటి మెట్టు విలువ నాకు ఆలస్యముగా తెలిసినది. పక్షవాతమునకు ముఖ్య కారణములలో రక్తపోటు ఒకటి. మా తండ్రిగారి రక్తపోటును మేము ఏనాడును కొలిపించలేదు. ఉపకేంద్రము మా ఇంటికి మూడు వీధుల అవతల ఉన్నది! బాధ లేదుకదా, పరీక్ష ఎందుకనుకొంటిమి. రక్తపోటునకు, మధుమేహమునకు బాధ తెలియకపోవుటయే పెద్ద ప్రమాదము. ముప్పదియేండ్లు దాటినవారందరు ఆ రెండు పరీక్షలు చేయించుకొనవలెను. గర్భిణీ స్త్రీల పరీక్షలు, పిల్లల టీకాలు, నెలనెలా వాడవలసిన మాత్రలు, ఇవి మన నర్సమ్మగారి వద్దను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునను దొరకునవి. వీనికొరకు బస్సెక్కి పట్టణము పోయి ఒక దినపు కూలి పోగొట్టుకొనుట తెలివిగాదు.

రెండు వారములు దాటిన దగ్గు ఉన్నచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి తెమడ పరీక్ష చేయించుకొనవలెను. క్షయకు పరీక్షయు మందులును ఉచితము. పోషణకొరకు నెలకు 500 రూపాయలిచ్చు పద్ధతి 2018లో ఆరంభమై, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలైనది. అప్పుచేసి మందులు కొని, డబ్బు చాలక నడుమ మానివేయువారిని నేను చూచితిని. నడుమ మానిన క్షయ మొండిదగును.

పాముకాటు మన పొలములలో ప్రతి వానకాలపు మాట. దానికి మందు విరుగుడు ఇంజక్షను ఒక్కటే. మంత్రము, వేరు, కరచినచోట కోయుట, బిగించి త్రాడు కట్టుట, ఇవి మేలు చేయవు సరికదా కీడు చేయును. కాటుపడినవానిని నడిపింపక, ధైర్యము చెప్పి, విరుగుడు ఇంజక్షను ఉన్న దగ్గరి ఆసుపత్రికి చేర్చవలెను. ఆ ఇంజక్షను ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉండవలసినదే. నేడు ఉన్నదా, రాత్రివేళ ఇచ్చువారున్నారా అని నాట్లకు ముందే పోయి అడిగి యుంచుకొనవలెను. కుక్క కరచినచో గాయమును సబ్బుతో, ధారగా పారు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే టీకాకు పోవలెను. గాయము లోతైనదైనచో దానితోపాటు వేరొక ఇంజక్షను గాయములోనే వేయవలసియుండును. అది పెద్ద ఆసుపత్రిలోనే దొరకవచ్చును. పిచ్చికుక్క రోగము పైకి కనబడిన పిమ్మట బ్రతికించుట దాదాపు అసాధ్యము. కావున ఒక్క టీకాతో ఆపక, చెప్పిన దినములన్నింటను వేయించుకొనవలెను.

కాన్పు విషయమున గుమ్మమును ఆ రాత్రి వెదకరాదు. నెలలు నిండకముందే నిర్ణయించుకొనవలెను. రక్తహీనత, రక్తపోటు, కవలలు, ఎదురుకాళ్ళ బిడ్డ, మునుపు జరిగిన శస్త్రచికిత్స, వీనిలో ఏది ఉన్నను శస్త్రచికిత్స చేయు వైద్యురాలు, మత్తు వైద్యుడు, రక్తము ఈ మూడును ఉన్న ఆసుపత్రియే తగినది. సామాజిక ఆరోగ్య కేంద్రమున నిపుణులు ఉండవలెనని నియమమున్నది గాని, వ్రాతలో ఉన్నదంతయు ప్రతి చోటను చేతిలో ఉండదు. ముందుగా పోయి కనుగొనవలెను.

గుండెలో బరువు, చెమట, ఎడమచేతికి ప్రాకు నొప్పి కలిగినచో గాలినొప్పియని సోడా త్రాగించి కూర్చుండరాదు. మూతి వంకర, చేయి వ్రాలుట, మాట తడబాటు, వీనిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినను గడియారము చూచి వేళ వ్రాసికొని 108కి ఫోను చేయవలెను. మనసు బాగులేనివారిని దయ్యము పట్టినదని కట్టివేయు రోజులు పోవలెను. 2022 అక్టోబరు నుండి 14416 అను సంఖ్యకు ఫోను చేసి ఉచితముగా సలహా పొందు వీలున్నది.

ప్రైవేటు వైద్యుల మాటయు చెప్పవలెను. అర్ధరాత్రి తలుపు తట్టినచో మన ఊరిలో లేచివచ్చువాడు ఆర్.ఎం.పి. అని పిలువబడు వైద్యుడే. ఆ ఉపకారమును మరువరాదు. గాయమునకు కట్టు కట్టుట, పెద్ద ఆసుపత్రికి తోడు వచ్చుట వారివలన జరుగు మేలు. కాని ప్రతి జ్వరమునకు సెలైను, ప్రతి నొప్పికి సూది అడుగుట మన దోషము. అడిగినదెల్ల ఇచ్చుట వారి దోషము. రెండు మూడు దినములలో తగ్గని జ్వరమునకు పరీక్షలున్న చోటికి పోవలెను. పట్టణములో ఏ వైద్యుని చూచినను, ఆయన చీటీపై రిజిస్ట్రేషను సంఖ్య ఉండవలెనని వైద్యుల నియమావళి చెప్పుచున్నది. దానిని చూచుట అవమానించుట కాదు. ఆసుపత్రిలో చేర్చుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుడు. ఈ రోగమునకు వలసిన నిపుణుడు ఇప్పుడు ఉన్నాడా? వలసిన యంత్రము ఇచ్చటనే ఉన్నదా? మన కార్డు ఇచ్చట చెల్లునా? ఆనాడు నర్సింగు హోములో మొదటి రెండు ప్రశ్నలు నేను అడిగియుండిన కొన్ని గంటలైన మిగిలియుండెడివి.

కార్డు అనగా 2007లో ఆరోగ్యశ్రీ అను పేరున ఆరంభమైన పథకము. పేర్లును, నియమములును మారుచుండును. అన్ని రోగములకు, అన్ని ఆసుపత్రులలో అది చెల్లదు. ఆసుపత్రిలో ఆ పథకపు సహాయకుడు కూర్చుండు బల్లవద్దకు ముందుగా పోయి అడిగినచో పొలము తాకట్టు పెట్టవలసిన అగత్యము కొన్నిసార్లు తప్పును. పాత చీటీలు, పరీక్షల కాగితములు, వాడుచున్న మాత్రల అట్టలు ఒక సంచిలో ఉంచి, వెళ్ళునప్పుడు ఆ సంచిని మరువక తీసికొనిపోవుడు. ఏ మందు పడదో తెలియక వైద్యుడు చీకటిలో పనిచేయరాదు.

ఇక ఈ సభకు నా మనవి. మన గ్రంథాలయమున గ్రంథముల పట్టిక ఉన్నది. దాని ప్రక్కన వైద్యపు పట్టిక ఒకటి వ్రేలాడవలెను. నర్సమ్మగారి, ఆశా కార్యకర్తల ఫోను సంఖ్యలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వేళలు, పాము విరుగుడు, కుక్కకాటు టీకాలు దొరకు చోటులు, రాత్రింబవళ్ళు స్కానింగు పనిచేయు దగ్గరి ఆసుపత్రి, శస్త్రచికిత్స కాన్పులు చేయు ఆసుపత్రి, రక్తనిధి, అంబులెన్సు ఆలస్యమైనచో అర్ధరాత్రియైనను బండి తీయుటకు ఒప్పుకొన్న మన ఊరివారి పేర్లు, ఇవన్నియు పెద్ద అక్షరములలో ఉండవలెను. అడుగున, సరిచూచిన తేదీ వేయవలెను. తప్పు పట్టిక పట్టిక లేకపోవుటకంటె హానికరము. కావున యువకులు ఇద్దరు మూడు నెలలకొకసారి ఆ చోటులకు స్వయముగా పోయి కనుగొని దిద్దవలెను. చదువు రానివారికి దానిని చదివి వినిపించుట చందాదారులందరి విధి.

పలకకు, రంగునకు అగు వ్యయము నేను భరించెదను. అరుగుమీద కూర్చుండువారికి కనబడునట్లు, పూర్వము మా తండ్రిగారు పత్రిక చదువుచుండిన బల్లకు ఎదుటి గోడను దానికి కేటాయింపుమని మాత్రము కార్యవర్గమును ప్రార్థించుచున్నాను. వచ్చే ఉగాదిలోపల అది అచ్చట కనబడినచో నా ప్రసంగము ఫలించినట్లే.