సముద్రశాస్త్రాధ్యయనము - గ్రామ విద్యార్థి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



కోస్తా గ్రామములో పుట్టిన బిడ్డకు సముద్రమును వేరుగా పరిచయము చేయనక్కరలేదు. దాని హోరు వినుచు నిద్రించును. దాని గాలి పీల్చుచు పెరుగును. ఆ బిడ్డయే పెద్దవాడై, పట్టణములోని కళాశాలలో చేరబోవుచు, "సముద్రమును గూర్చి చదువుకొందును" అన్నచో ఇంటివారు నవ్వుదురు. "సముద్రములో చదువుటకేమున్నదిరా? తాత పడవ ఎక్కినాడు, తండ్రి ఎక్కినాడు. వారే పుస్తకము చదివి వేటకు పోయిరి?" అని అడుగుదురు. ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. దీనికి సమాధానము వెదకుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

మత్స్యకారుని జ్ఞానము తక్కువది కాదు. నీటి రంగునుబట్టి లోతును, గాలి తిరుగుడునుబట్టి వాతావరణమును అతడు పసిగట్టును. అమావాస్యకును, పున్నమికిని పోటు హెచ్చునని, నేటి పోటుకంటె రేపటి పోటు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చునని అతనికి అనుభవమువలన తెలియును. అయితే ఏమి జరుగునో తెలియుట ఒకటి. అది ఎందుకు జరుగునో, ఎంత జరుగునో, తాను చూడని చోట ఎట్లు జరుగునో తెలియుట వేరొకటి. చంద్రుడు భూమిచుట్టు తిరుగుచుండుటచే, తీరమునందలి ఒకే స్థలము మరల చంద్రునికి ఎదురుగా వచ్చుటకు 24 గంటలకుపైన దాదాపు 50 నిమిషములు పట్టునని, అమావాస్య పున్నములయందు సూర్యచంద్రుల ఆకర్షణలు ఒకే వరుసలో కలియునని శాస్త్రము చెప్పును. తాత చెప్పిన మాటను శాస్త్రము కొట్టివేయలేదు. దానికి కారణమును, కొలతను చేర్చినది.

భౌతిక భూగోళశాస్త్రమనగా దేశముల పేర్లు, రాజధానుల పేర్లు వల్లెవేయుట కాదు. కొండ ఎట్లు అరుగును, నది ఎట్లు మలుపు తిరుగును, వాన ఎక్కడ నుండి వచ్చును, నేల ఎట్లు ఏర్పడును - ఇవి దాని ప్రశ్నలు. గోదావరినే చూడుడు. నాసిక్ జిల్లాలోని త్ర్యంబకమువద్ద పుట్టి, 1,465 కిలోమీటర్లు ప్రవహించి, దక్కను పీఠభూమి మట్టిని మోసికొనివచ్చి, సముద్రము అంచున పరచినది. కోనసీమలో రైతు నాగలి పెట్టు ఒండ్రునేల ఒకప్పుడు ఎక్కడనో ఉన్న రాయి. నది మట్టిని తెచ్చుచుండును; అలలు దానిని కోయుచుండును. ఆ రెంటి నడుమ నిత్యము జరుగు బేరమే డెల్టా. ఎగువన జలాశయములు ఒండ్రును ఆపినకొలదియు ఈ బేరములో నది పక్షము తగ్గును. నది తెచ్చు మట్టి తగ్గినచోట, తీరము వెంబడి ఇసుక కదలిక మారినచోట, సముద్రమట్టము పెరుగుచున్నచోట కోత హెచ్చును. కాకినాడ సమీపమున ఉప్పాడ తీరవాసులు ఇండ్లను, దారులను సముద్రమునకు అప్పగించుట చూచినవారికి ఈ పాఠము బల్లమీది పాఠము కాదని తెలియును. ఈ విధముగా భూగోళమును చదువువాడు నదివెంట నడచి తుదకు సముద్రము చేరక తప్పదు.

సముద్రశాస్త్రము నాలుగు శాస్త్రముల కూడలి. నీటి కదలికను, వేడిమిని విచారించునది భౌతిక శాఖ. అందలి లవణములను, వాయువులను పరీక్షించునది రసాయన శాఖ. అడుగునందలి రాళ్లను, బురదను శోధించునది భూగర్భ శాఖ. ప్రాణులను పరిశీలించునది జీవ శాఖ. భూతలములో నూటికి 71 పాళ్లు సముద్రమే. దాని సగటు లోతు 3,700 మీటర్లకు దగ్గరగా ఉండును. 1872 నుండి 1876 వరకు ఛాలెంజర్ అను బ్రిటిషు ఓడ ప్రపంచ సముద్రములను చుట్టి, త్రాడు దింపి లోతులు కొలిచి, నీటిని, బురదను, ప్రాణులను సేకరించినది. ఆధునిక సముద్రశాస్త్రమునకు అదియే పునాదియని పండితుల అభిప్రాయము.

ఈ నాలుగు శాఖలు ఒకదానినొకటి ఎట్లు పట్టుకొని ఉండునో బంగాళాఖాతమే చూపును. సాధారణముగా ఒక కిలోగ్రాము సముద్రజలమునందు సుమారు 35 గ్రాముల లవణములుండును. కాని గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ మొదలగు నదులు మంచినీటిని బంగాళాఖాతమున కుమ్మరించును. పైనుండి వర్షము తోడగును. అందువలన వానకాలమున ఉత్తర బంగాళాఖాతపు ఉపరితలమున లవణము 30 గ్రాములకును తగ్గును. ఉప్పు తక్కువైన నీరు తేలిక. అది బరువైన ఉప్పునీటిపై మీగడవలె నిలుచును. క్రింది చల్లని నీటితో సులభముగా కలియదు. ఎండ వేడిమి ఆ పైపొరయందే చిక్కుకొనును. తుపాను వెచ్చని నీటి ఆవిరిని ఆహారముగా గ్రహించి బలియును. కావున హిమాలయములలో కరగిన మంచునకును, తీరగ్రామమున ఎగిరిపోయిన తాటాకు కప్పునకును సంబంధము కలదు. ఆ సంబంధమును విప్పి చెప్పగలుగుటయే డిగ్రీ విద్యార్థి నేర్వవలసిన విద్య.

ఇట్టిదే ఇంకొక ఉదాహరణము. వేసవికి ముందు తీరమువెంట నైరృతి గాలి వీచునప్పుడు, భూమి తిరుగుటవలన పైనీరు గాలికి కుడివైపునకు, అనగా తీరమునుండి లోపలికి జరుగును. ఖాళీయైన చోటికి అడుగునుండి చల్లని నీరు పైకి వచ్చును. ఆ నీటిలో సముద్రపు నాచునకు కావలసిన పోషకములుండును. నాచు పెరిగినచోట చిన్న ప్రాణులు, అవి ఉన్నచోట చేపలు చేరును. "ఈ నెలలో ఇచట చేప పడును" అని జాలరి చెప్పు మాట వెనుక భూభ్రమణమే ఉన్నదన్నచో ఎవరికి ఆశ్చర్యము కలుగదు?

ఈ విషయమును మొదట పరిశోధించిన స్థలములలో వాల్తేరు ఒకటి. అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడైన యూజీన్ లాఫాండ్ 1952-53లోను, మరల 1955-56లోను ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, ఇచటి అధ్యాపకులతోను, విద్యార్థులతోను కలిసి ఈ తీరపు నీటిని పరిశీలించెను. భారత నౌకాదళపు ఓడలలో వారు సముద్రముపైకి వెళ్లి ఉష్ణోగ్రతలు, లవణములు, ప్రవాహములు కొలిచిరి. పిమ్మట 1963లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధనయాత్రలో భాగముగా ఆంటన్ బ్రూన్ అను ఓడ విశాఖపట్టణ సమీపమున సముద్రగర్భమునందు లోతైన లోయలను కనుగొనెను. వానికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అను పేర్లు పెట్టబడెను. మహదేవన్ ఆ విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రాచార్యుడు. తెలుగు తీరపు ఆచార్యుని పేరు సముద్రపు అడుగున ఒక లోయకు నిలిచియున్నదన్న సంగతి ఈ తీరపు బిడ్డలు ఎరుగదగినది.

ఇక ఈ చదువువలన ప్రయోజనమేమి? ఉప్పెనను తలచిన చాలును. 1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై సుమారు 5 మీటర్ల ఎత్తున నీరు వచ్చిపడగా వేలాది ప్రాణములు పోయినవి. వాయుపీడనము ఒక మిల్లీబారు తగ్గినచో సముద్రమట్టము సుమారు ఒక సెంటీమీటరు లేచును. తుపాను నడుమ పీడనము 70 మిల్లీబార్లు తగ్గినదనుకొన్నను, నీరు లేచునది ముప్పాతిక మీటరునకును లోపే. మిగిలిన నీరు ఎక్కడిది? గాలి నెట్టినది. తీరముచెంత సముద్రము లోతు తక్కువైనచోట, నెట్టబడిన నీటికి తిరిగి క్రిందుగా పోవు దారి లేక అది గోడవలె లేచి నేలమీదికి వచ్చును. ఆ వేళకు పోటు కూడ కలిసినచో చెప్పవలసినది లేదు. ఈ లెక్కను ముందుగా వేయగలిగినచో ఏ ఊరిని ఎప్పుడు ఖాళీ చేయవలెనో తెలియును.

లెక్క ఫలించిన నిదర్శనము కలదు. 1999 అక్టోబరులో ఒడిశా తీరమున మహాతుపానువలన సుమారు 10,000 మంది మరణించిరి. అదే రాష్ట్రమున గోపాలపురము సమీపమున 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను తీరము దాటినప్పుడు, ముందుగనే లక్షలాది జనులను తరలించుటచే మృతుల సంఖ్య పదులలోనే నిలిచెను. ఇందులో ఉపగ్రహములు, సముద్రమున తేలు కొలతసాధనములు, గణితజ్ఞుల శ్రమ ఉన్నవి. ఆశ్రయ భవనములు, దారులు, అధికారుల పూనిక కూడ ఉన్నవి. ఒక్క శాస్త్రమే రక్షించినదనుట అతిశయోక్తి. శాస్త్రము లేనిదే తక్కినవానికి ఎప్పుడు, ఎక్కడికి పోవలెనో తెలియకుండెడిదనుట మాత్రము సత్యము.

సునామీ సంగతియు ఇట్టిదే. దాని వేగమును డిగ్రీ మొదటి సంవత్సరపు విద్యార్థి కాగితముమీద కట్టగలడు. లోతును భూమ్యాకర్షణ సంఖ్యయైన 9.8తో గుణించి వర్గమూలము తీసినచో వేగము వచ్చును. 4,000 మీటర్ల లోతున అది సెకనుకు సుమారు 198 మీటర్లు, అనగా గంటకు 700 కిలోమీటర్లకు పైమాట. 10 మీటర్ల లోతునకు వచ్చుసరికి గంటకు సుమారు 36 కిలోమీటర్లు. వేగము తగ్గినకొలదియు అల ఎత్తు పెరుగును. 2004 డిసెంబరు 26వ తేదీన సుమత్రా సమీపమున భూకంపము పుట్టిన పిమ్మట భారత ప్రధాన భూభాగపు తూర్పు తీరమునకు అల చేరుటకు రెండు గంటలకు పైగా పట్టినది. ఆ వ్యవధి ఉన్నను హెచ్చరిక చేయు ఏర్పాటు నాడు హిందూ మహాసముద్ర ప్రాంతమున లేకుండెను. 2007లో అట్టి కేంద్రము హైదరాబాదునందలి సముద్ర సమాచార సంస్థలో నెలకొల్పబడినది. సముద్రము లేని నగరము నుండి సముద్రతీరమునకు కబురు వచ్చును. చేపలు దొరకుటకు అవకాశము గల స్థలములను గూర్చియు ఆ సంస్థయే మత్స్యకారులకు తెలియజేయుచున్నది.

అయితే కబురు వచ్చుట వేరు, దానిని ఊరు నమ్ముట వేరు. "ఇన్ని మీటర్ల అల, ఇన్ని గంటలకు" అను వాక్యము వినినంతనే ముసలి తల్లి ఇల్లు విడిచి కదలదు. ఆ అంకెకు అర్థమేమో, నీరు ఏ చెరువుగట్టు వరకు రాగలదో, ఊరివాడొకడు ఊరిమాటలో చెప్పినప్పుడు కదలును. యంత్రమునకును తీరమునకును నడుమ నిలుచుటకు చదువుకొన్న మనిషి కావలెను. ఆ మనిషి ఎక్కడనో పుట్టుటకంటె ఈ గ్రామములలోనే పుట్టుట మేలు. "సముద్రములో చదువుటకేమున్నది?" అను ప్రశ్నకు ఇదియే సమాధానము.

ఈ చదువు సులభమని చెప్పుట మోసము. గణితము, భౌతికశాస్త్రము గట్టిగా రావలెను. పటము చదువుట, కొలతలోని పొరపాటును అంచనా వేయుట, వేల అంకెలనుండి ఒక నిజమును ఏరుట నేర్వవలెను. ఓడపై తల తిరిగినను పని ఆపరాదు. బ్రిటనులో సౌతాంప్టన్, లివర్‌పూల్, ప్లిమత్ వంటి చోట్ల సముద్రశాస్త్రము డిగ్రీ స్థాయినుండియే బోధింపబడుచున్నది. తెలుగునాట సాధారణమైన మార్గము వేరు: గణిత, భౌతిక, రసాయనశాస్త్రములతోగాని, భూగోళశాస్త్రముతోగాని డిగ్రీ ముగించి, పిమ్మట పై చదువులో సముద్రమును చేపట్టుట. ఆ పేరుగల తరగతి సమీపమున తెరచిన పిదపనే చదువుదుననువాడు, అలలు ఆగిన పిమ్మట స్నానము చేయుదునన్నవానిని పోలియుండును. డబ్బాకు గరాటు అమర్చి వాన కొలుచుటకు, వారమునకొకసారి బావిలో నీటిమట్టము వ్రాసికొనుటకు, కాలువమొగ వద్ద ఒక గుంజ పాతి ఆటుపోట్ల వేళలు గుర్తించుటకు ఏ కళాశాల అనుమతియు అక్కరలేదు. ఒక సంవత్సరము తప్పక వ్రాసిన అట్టి పుస్తకము, మూడు సంవత్సరముల చదువునకు మంచి ముందుమాట.

ఈ విద్య మగపిల్లలకే తగినదను భ్రమయు వలదు. నాగపూరులో జన్మించిన అదితీ పంత్ పుణె విశ్వవిద్యాలయమున బి.యస్సీ. చదువుచున్న కాలమున, అలిస్టర్ హార్డీ వ్రాసిన 'ది ఓపెన్ సీ' అను గ్రంథము ఆమె చేతికి వచ్చెను. దానిని చదివి ఆమె సముద్రశాస్త్రమును తన జీవితవృత్తిగా ఎన్నుకొనెను. హవాయిలోను, లండనులోను పై చదువులు చదివి, గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థలో పనిచేసి, 1983లో బయలుదేరిన భారత పరిశోధక బృందముతో అంటార్కిటికా మంచుగడ్డపై అడుగుపెట్టెను. భూగర్భశాస్త్రజ్ఞురాలైన సుదీప్తా సేన్‌గుప్తాయు ఆ యాత్రయందు పాల్గొనెను. ఆ ఖండమునకు పోయిన తొలి భారతీయ మహిళలు వీరే.

డిగ్రీ చదువుచున్న బాలిక చేతికి ఒక పుస్తకము వచ్చినది. ఆమె ప్రపంచపు దక్షిణపు అంచు వరకు పోయినది. గ్రంథాలయము చేయు పని ఇంతకంటె వేరు లేదు. ఏ పుస్తకము ఎవరి చేతికి ఏనాడు అందునో బీరువాకు తెలియదు, గ్రంథపాలకునికిని తెలియదు. తెలిసిన కర్తవ్యమొక్కటే: పుస్తకమును అందుబాటులో ఉంచుట, తలుపు తెరచియుంచుట. ఇరువదియైదు సంవత్సరములు తలుపు తెరచియుంచిన ఈ గ్రంథాలయపు బీరువాలలో ఇకమీదట నదులను, గాలులను, సముద్రమును గూర్చిన నాలుగు మంచి పుస్తకములు, గోడపై ఒక బంగాళాఖాతపు పటము చేరుగాక! ఏ ఇంటి బిడ్డయో ఆ పటము ముందు నిలిచి, తన ఊరును వ్రేలితో గుర్తించి, అచటినుండి వ్రేలిని నీటిలోనికి జరుపుగాక!